11 రాత్రులు, 13 రోజులు

2018లో నా యూరప్ వీసా తిరస్కరించారు. పాస్‌పోర్టుతో పాటు కవర్లో ఒక కాగితం పెట్టి ఇచ్చారు. అందులో కారణాలన్నీ ముందే అచ్చువేసి ఉంటాయి, మనకు వర్తించేదాని పక్కన గడిలో టిక్కు పెడతారు. నాకు పడిన టిక్కు అర్థం ఇంచుమించు ఇది: ఎందుకు వస్తున్నావో, వచ్చి ఎలా ఉంటావో నువ్వు చెప్పిన సంగతులు నమ్మేలా లేవు. అప్పీలు చేసుకోవచ్చని కూడా కింద రాశారు. నేను ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి బీరువా అడుగున పడేశాను.

నమ్మేలా లేవంటే ఒళ్లు మండింది. నేను పెట్టిన కాగితాల్లో దొంగది ఒక్కటీ లేదు. ఒక పుస్తక ప్రదర్శనకు రమ్మని పిలిచారు. ఫారంలో ప్రయాణ ఉద్దేశం దగ్గర 'పర్యటన' అని పెట్టాను. టూరిస్టు వీసా అయితే తేలిగ్గా ఇస్తారని నాకు చెప్పనివాడు లేడు. అలాగని చేతిలో ఉన్న ఆహ్వానపత్రం ఊరికే వదలడమెందుకు, పెడితే ఇంకాస్త బలం కదా అని అదీ జతచేశాను. ఫారం ఒకటి చెబుతోంది, దాని కిందున్న కాగితం ఇంకొకటి చెబుతోంది. ఆ ఆఫీసరు కుర్చీలో నేనుంటే ఏం చేసేవాణ్నో ఆలోచించడానికి నాకు ఏడేళ్లు పట్టింది.

2025 మార్చి చివర్లో వియన్నా నుంచి ఇంకో పిలుపు వచ్చింది. నేను అనువాదాలు చేసుకుని బతికేవాణ్ని. ఒక సాహిత్య సంస్థ సెప్టెంబరులో రెండు రోజుల అనువాదకుల వర్క్‌షాపు పెడుతోంది, వచ్చి ఒక పూట మాట్లాడమన్నారు. నాలుగు రాత్రులు బస వాళ్లదే. పైగా 300 యూరోల పారితోషికం.

అంత దూరం వెళ్లి రెండు రోజుల్లో తిరిగొచ్చే మనిషిని కాను నేను. వియన్నా నుంచి ప్రేగ్ రైల్లో నాలుగు గంటలు. లండన్‌లో చెల్లెలుంది, పెళ్లై వెళ్లాక దాని ఇల్లు నేను చూడనేలేదు. అక్కణ్నుంచి పారిస్ రైల్లో రెండుంబావు గంటలు. కాగితం మీద గీతలు గీసుకుంటే అంతా ఎంతో దగ్గరగా కనిపించింది. సెప్టెంబరు 8న వియన్నా, 12న ప్రేగ్, 15న లండన్, 20న పారిస్, 24న తిరుగు ప్రయాణం. ఇక మిగిలింది వీసా ఒక్కటే అనుకున్నాను.

పాత దెబ్బ గుర్తుంది కాబట్టి ఈసారి సొంత తెలివి వద్దనుకుని ఒక ఏజెంటు దగ్గరికి వెళ్లాను.

"ఏ వీసా కావాలి సార్? టూరిస్టా, బిజినెస్సా?"

"రెండూ కాదనుకుంటానండీ. వర్క్‌షాపులో మాట్లాడాలి."

"అవన్నీ చెప్పుకుంటే తలనొప్పి సార్. టూరిస్టు పెట్టేద్దాం."

ఇంకో మాట కూడా అన్నాడు. వియన్నా ఉన్న ఆస్ట్రియాకు అపాయింట్‌మెంట్లు దొరకడం లేదట, షెంగెన్‌లోనే, అంటే ఒకే ఉమ్మడి వీసా చెల్లే యూరప్ దేశాల కూటమిలోనే, ఇంకో దేశానికి వచ్చే వారమే ఉందట. "షెంగెన్ షెంగెనే కదా సార్, ఏ దేశం స్టిక్కరైతే ఏంటి? హోటళ్లు మేమే బుక్ చేసి చూపిస్తాం, వీసా రాగానే క్యాన్సిల్ చేసేద్దాం." నేను అడ్వాన్సు ఇచ్చాను. ఇవ్వలేదని రాస్తే బాగుండేది కానీ, ఇచ్చాను. పాస్‌పోర్టు కూడా అతని చేతిలో పెట్టి వచ్చాను.

మూడు వారాల తర్వాత సంతకం పెట్టమని ఫారం పంపాడు. దాని ప్రకారం నేను అడుగు పెట్టబోని దేశంలో ఏడు రాత్రులు ఉంటున్నాను. వియన్నా ఊసు లేదు, వర్క్‌షాపు ఊసు అసలే లేదు. చివరి పేజీలో, పైన ఇచ్చిన వివరాలన్నీ సరైనవేనని, తప్పైతే వీసా తిరస్కరించవచ్చని, ఇచ్చిన వీసా రద్దు చేయవచ్చని ఒక పేరా ఉంది. దాని కింద సంతకం నాది. ఏజెంటు పేరు ఆ కాగితాల్లో ఎక్కడా లేదు. మర్నాడు వెళ్లి పాస్‌పోర్టు తెచ్చుకున్నాను. అడ్వాన్సు తిరిగి రాలేదు, నేనూ గట్టిగా అడగలేదు.

ఆ రాత్రి నియమాలు చదవడం మొదలుపెట్టాను. షెంగెన్ దేశాలకు వీసా కోడ్ అని ఒక ఉమ్మడి చట్టం ఉంది, 2009లో చేశారు. అనువాదకుడికి చట్టం చదవడం కొత్త కాదు, ఒక్కో వాక్యం మూడేసి సార్లు చదివితే లొంగుతుంది. చదివాక నాకు తగిలిన మొదటి షాకు ఏంటంటే, నేను ఏడేళ్లుగా అనుకుంటున్న 'టూరిస్టు వీసా' అనేది అక్కడ లేనే లేదు. అక్షరాలున్నాయి. ఎ అంటే విమానాశ్రయం దాటకుండా విమానం మారడానికి. సి అంటే కొద్దికాలం ఉండటానికి, ఏ 180 రోజులు తీసుకున్నా అందులో 90 రోజులకు మించకుండా. డి అంటే అంతకు మించి, చదువుకో ఉద్యోగానికో కుటుంబంతో ఉండటానికో, ఏ దేశానికి ఆ దేశం ఇచ్చేది. ఊళ్లు చూడటానికి వెళ్లినా, సమావేశానికి వెళ్లినా, చుట్టాలింటికి వెళ్లినా, వైద్యానికి వెళ్లినా అది సి వీసానే. ఫీజూ ఒకటే, పెద్దవాళ్లకు 90 యూరోలు. మారేది ఉద్దేశం గడిలో పెట్టే టిక్కు, దాన్ని బట్టి జతచేయాల్సిన కాగితాలు.

అంటే 'టూరిస్టు తేలిక, బిజినెస్ కష్టం' అన్న మాటకు అర్థమే లేదు. నేను 2018లో తేలికైన వీసా ఎంచుకున్నాననుకున్నాను. నిజానికి ఎంచుకున్నది అబద్ధపు టిక్కు.

మర్నాడు ఒక నోటుపుస్తకం తీసి రోజుకో వరుస గీశాను. ఏ ఊళ్లో ఉంటాను, ఆ రోజు ఏం చేస్తాను, రాత్రి ఎక్కడ పడుకుంటాను, డబ్బు ఎవరిది. నాలుగు గళ్లు. 'ఏ వీసా కావాలి' అని ఇంకెవరినీ అడగలేదు. ఎక్కడైనా గడి నింపలేకపోతే, నా చిక్కంతా అక్కడే ఉందని తెలిసిపోయేది.

మొదట ఆగింది డబ్బు గడి దగ్గర. వర్క్‌షాపు రోజున 'బస వాళ్లది, తిండి నాది' అని రాశాక ఆ 300 యూరోలు ఎక్కడ రాయాలో తెలియలేదు. వినడానికి వెళ్తే సందర్శకుణ్ని. మాట్లాడి డబ్బు తీసుకుంటే? చేతిలో డబ్బు పడగానే అది 'పని' అవుతుందా అన్న ప్రశ్న వస్తుంది, దానికి ఏ దేశం లెక్క ఆ దేశానిది. అమెరికాలోనైతే ఇలాంటిదానికి ఒక అంకెల లెక్కే ఉంది. బి-1 అనే బిజినెస్ సందర్శక వీసా మీద వెళ్లినవాళ్లు విశ్వవిద్యాలయాల్లాంటి చోట్ల ఉపన్యాసానికి పారితోషికం తీసుకోవచ్చు కానీ ఒక చోట 9 రోజులు దాటకూడదు, వెనక 6 నెలల్లో 5 సంస్థలు దాటకూడదు. వియన్నా వాళ్లకు ఉన్న సంగతి మెయిల్ రాసి, ఈ మొత్తం వల్ల నాకు ఇంకో రకం అనుమతి అవసరమవుతుందా అని సూటిగా అడిగాను. నాలుగు రోజుల తర్వాత జవాబు వచ్చింది: పారితోషికం తీసేద్దాం, బసతో పాటు ఊళ్లో తిరిగే ఖర్చు మేం పెట్టుకుంటాం, అలాగే కొత్త లేఖ ఇస్తాం. 300 యూరోలు పోయినందుకు ఆ పూట మనసు బాగాలేదు. కానీ కొత్త లేఖ చూశాక తేలికపడ్డాను. తేదీలు, చిరునామా, నేను చేసే పని, వాళ్లు పెట్టే ఖర్చు, జీతభత్యాలేమీ లేవన్న మాట, అన్నీ ఒకే పేజీలో ఉన్నాయి.

రెండో చిక్కు ఏ దేశానికి దరఖాస్తు పెట్టాలన్నది. షెంగెన్‌లో ఇప్పుడు 29 దేశాలు. వీటిలో ఎవరిచ్చిన సి వీసా అయినా మామూలుగా అన్నిచోట్లా చెల్లుతుంది, అంతవరకు ఏజెంటు చెప్పింది నిజమే. ఎవరిని అడగాలన్నది మాత్రం మన ఇష్టం కాదు. వెళ్లేది ఒక్క దేశానికైతే ఆ దేశాన్నే అడగాలి. ఎక్కువ దేశాలైతే ముఖ్య గమ్యాన్ని, అంటే ఎక్కువ రోజులుండేదాన్నో, ప్రయాణానికి అసలు కారణమైనదాన్నో అడగాలి. ఏది ముఖ్యమో తేలకపోతే మొదట అడుగు పెట్టే దేశాన్ని అడగాలి. నా పుస్తకంలో వియన్నా నాలుగు రాత్రులు, పారిస్ నాలుగు రాత్రులు, ప్రేగ్ మూడు. రాత్రుల లెక్కలో ఆస్ట్రియా, ఫ్రాన్సు సమానం. కానీ నేను బయల్దేరిందే వర్క్‌షాపు కోసం, పైగా దిగేదీ అక్కడే. ఏ వైపు నుంచి చూసినా ఆస్ట్రియానే. సంబంధం లేని దేశంలో పెడితే, అది తమ పరిధిలోది కాదని దరఖాస్తు వెనక్కి ఇచ్చేస్తారు. దొంగ హోటళ్లు చూపించి వీసా తెచ్చుకుంటే ఇంకా ప్రమాదం, సరిహద్దులో 'ఈ దేశం వీసాతో ఇక్కడేం చేస్తున్నావు' అంటే చెప్పడానికి ఏమీ ఉండదు.

మూడో చిక్కు నేను కనిపెట్టలేదు, చెల్లెలు ఫోనులో పట్టుకుంది.

"అన్నయ్యా, పారిస్ చూసుకుని మా ఇంటికి వస్తావా, మా ఇంటి నుంచి పారిస్ వెళ్తావా?"

"మీ ఇంటి నుంచే. ఏం?"

"అయితే నువ్వు యూరప్‌లోకి రెండుసార్లు వస్తున్నట్టు కదా."

ఫారంలో ప్రవేశాలు ఎన్ని అన్నచోట అప్పటికే 'ఒకటి' అని పెట్టి ఉన్నాను. వెళ్లేది ఒక్కసారే కదా అని! బ్రిటన్ షెంగెన్‌లో లేదు, ఐర్లండూ లేదు. స్విట్జర్లండ్, నార్వే యూరోపియన్ యూనియన్‌లో లేకపోయినా షెంగెన్‌లో ఉన్నాయి. మ్యాపు చూసి చెప్పగలిగేది కాదిది. ప్రేగ్‌లో విమానం ఎక్కి లండన్ వెళ్లానంటే షెంగెన్ నుంచి బయటపడ్డట్టే. ఒక్క ప్రవేశం వీసా అయితే అక్కడితో దాని పని అయిపోతుంది, ఇంకా ఎన్ని రోజులు మిగిలున్నా సరే. పారిస్ ముందు పెట్టుకుని లండన్ చివరికి మారిస్తే ఒక్క ప్రవేశం చాలు, నాకూ ఆ ఆలోచన వచ్చింది. కానీ చెల్లెలికి సెలవు దొరికింది సెప్టెంబరు 15 నుంచి 20 వరకే. కాబట్టి 'రెండు' అని దిద్ది, దానికి కారణం దరఖాస్తుతో పెట్టే కవరింగ్ లెటర్లో రెండు వాక్యాల్లో రాశాను.

ఆ లెటర్లోనే ఇంకో తప్పు దొర్లింది. షెంగెన్‌లో మొత్తం 11 రోజులుంటానని రాశాను. హోటలు బుకింగులు చూసి రాత్రులు లెక్కపెట్టిన ఫలితం అది. లోపలికొచ్చే రోజూ, బయటికెళ్లే రోజూ రెండూ లెక్కలోకి వస్తాయి. 8 నుంచి 15 దాకా ఎనిమిది, 20 నుంచి 24 దాకా ఐదు, వెరసి 13. పదకొండు రోజుల వీసా ఇచ్చి ఉంటే చివరి రెండు రోజులూ నేను పారిస్‌లో అక్రమంగా తిరుగుతుండేవాణ్ని, అదీ నా చేత్తో నేను రాసిచ్చిన లెక్క ప్రకారం.

మిగతా కాగితాలు అందరికీ ఉండేవే. పాస్‌పోర్టు పదేళ్ల లోపు జారీ అయినదై ఉండాలి, తిరిగొచ్చాక కనీసం మూడు నెలల గడువుండాలి, రెండు ఖాళీ పేజీలుండాలి. 30,000 యూరోలకు తగ్గని వైద్య బీమా కావాలి. విమానం టిక్కెట్టు కొనక్కర్లేదు, రిజర్వేషన్ చాలు. ఇవన్నీ ఒక్క వారంలో తేలిపోయాయి. నన్ను తిప్పలు పెట్టింది ఉద్యోగం లేకపోవడం.

ఉద్యోగస్థులైతే సెలవు మంజూరు లేఖ, జీతం స్లిప్పులు పెడతారు. నాకు సెలవిచ్చేది ఎవరు? నాకు నేనే. డబ్బు కూడా నెలనెలా రాదు. రెండు నెలలు ఏమీ రాక, మూడో నెల ఒక ప్రచురణకర్త మొత్తం ఒకేసారి వేస్తాడు. బ్యాంకు స్టేట్‌మెంటు చూస్తే ఎవరో వీసా కోసం అప్పు తెచ్చి వేసినట్టే ఉంటుంది. దరఖాస్తుకు ముందు ఖాతాలో పెద్ద మొత్తం వేయించుకోమని సలహా ఇచ్చిన మిత్రులున్నారు. నా ఖాతాలో సహజంగా పడిన మొత్తమే అనుమానంగా కనిపిస్తుంటే ఇంకొకటి ఎందుకు! ఆ పెద్ద జమ పక్కన అంకె వేసి, అదే అంకెతో ఆ పుస్తకం ఒప్పందం, నేను పంపిన బిల్లు జతచేశాను. మూడేళ్ల పన్ను రిటర్నులు పెట్టాను. తిరిగి వస్తానని నమ్మించడానికి, నవంబరు చివరికి పూర్తిచేసి ఇవ్వాల్సిన ఇంకో అనువాదం ఒప్పందం పెట్టాను. ఆ గడువు అప్పటికే నా నిద్ర చెడగొడుతోంది, ఒక్క వీసాకైనా పనికొచ్చింది.

ఉద్దేశం దగ్గర 'సాంస్కృతికం' అని టిక్కు పెట్టాను. దాని కింద అదనపు వివరాలకు చోటుంటుంది. అక్కడ రాసింది: వియన్నాలో అనువాద వర్క్‌షాపు, తర్వాత ప్రేగ్, పారిస్ నగరాల సందర్శన, మధ్యలో లండన్‌లో సోదరి ఇంట్లో ఐదు రాత్రులు. ఇంత చిన్న వాక్యం కోసం ఇన్నేళ్లు పట్టిందా అనిపించింది.

ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు తీసుకుంటారు, ఆఖరు గడువు 15 రోజుల ముందు. ఏజెంటు దొరకదన్న అపాయింట్‌మెంటు రోజూ పొద్దున్నే చూస్తుంటే తొమ్మిదో రోజున దొరికింది, మే నెల మధ్యలో. వీసా దరఖాస్తు కేంద్రంలో కూర్చునేవాళ్లు కాగితాలు తీసుకోవడానికే, ఇవ్వడం మానడం రాయబార కార్యాలయం చేతిలో ఉంటుంది. ఆ సంగతి తెలిసినా కౌంటరు ముందు నా గుండె దడదడలాడింది. వేలిముద్రలు ఇచ్చాను. ఒకసారి ఇచ్చిన వేలిముద్రలు 59 నెలలు పనికొస్తాయి, నావి 2018వి కాబట్టి మళ్లీ పదివేళ్లూ. కౌంటరులో అమ్మాయి నా కట్ట తిరగేసి, "లండన్ వీసా ఉందా సార్?" అంది. ఇంకా లేదు, ఇది వచ్చాక పెడతానన్నాను. ఆమె ఏదో రాసుకుంది. ఆ 'ఏదో' ఏమిటా అని పాస్‌పోర్టు వచ్చేదాకా టెన్షన్ పడ్డాను. నిర్ణయానికి మామూలుగా 15 రోజుల గడువు, అవసరమైతే 45 రోజుల దాకా సాగదీయవచ్చు. నాకు పదమూడో రోజున పాస్‌పోర్టు వచ్చింది.

కవరు చింపగానే మొదట కాగితం ఏమైనా ఉందేమోనని చూశాను. లేదు. స్టిక్కరుంది.

స్టిక్కరు చదవడం కూడా నేర్చుకోవాల్సిన పనే. సెప్టెంబరు 8 నుంచి అక్టోబరు 9 దాకా అని ఉంది. పక్కన ప్రవేశాలు 02. ఉండదగిన రోజులు 13. నా మిత్రుడొకడు చూసి, "ఏరా, నెల రోజులిచ్చారు కదా, ఇంకో రెండు ఊళ్లు తిరిగి రా" అన్నాడు. ఆ నెల రోజులూ ఉండటానికి కాదు. ప్రయాణం తేదీలు అటూ ఇటూ అయితే పనికొస్తాయని చివర్లో 15 రోజుల వెసులుబాటు కలుపుతారు. 24కి 15 కలిపితే అక్టోబరు 9. ఈ తేదీల మధ్య ఎప్పుడైనా సరే, మొత్తం 13 రోజులే. నేను అడిగింది 13, ఇచ్చింది 13, ఒక్క రోజు కూడా చేతిలో మిగల్లేదు. కవరింగ్ లెటర్లో ఆ 11 దిద్దకపోయి ఉంటే అన్న ఆలోచన వచ్చి ఒళ్లు జలదరించింది.

బ్రిటన్‌కు వరస వేరు. అక్కడ ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచే పెట్టుకోవాలి. పాస్‌పోర్టు ఒక్కటే కాబట్టి ముందు షెంగెన్, తర్వాత బ్రిటన్ అనుకోవడం సరిపోయింది. వాళ్లది స్టాండర్డ్ విజిటర్ అని ఒకటే వీసా. చుట్టాలను చూడటం, ఊళ్లు తిరగడం, సమావేశాలకు వెళ్లడం అన్నీ అందులోనే. పెళ్లి చేసుకోవడానికి వెళ్లేవాళ్లకు మాత్రం వేరే ఉంది. ఐదు రాత్రులకు అడిగినా ఒక్కో రాకకు ఆరు నెలల దాకా ఉండనిచ్చే వీసా ఇస్తారు. షెంగెన్ వాళ్లు రోజులు లెక్కపెట్టి ఇచ్చారు, వీళ్లు బస్తాలకొద్దీ ఇస్తారు.

చెల్లెలు పంపిన ఆహ్వానం మాత్రం నన్ను నిలువునా ముంచేది. 'మా అన్నయ్య మా ఇంట్లో ఎన్నాళ్లు ఉండాలనుకుంటే అన్నాళ్లు ఉంటాడు, అతని ఖర్చంతా మాదే' అని రాసింది. చదువుతుంటే కళ్లు చెమర్చాయి. ఫోను చేసి, "అమ్మా, ఈ లేఖ దాచుకుంటాను. ఆఫీసరుకు ఇంకోటి రాయి" అన్నాను. సెప్టెంబరు 15 నుంచి 20 వరకు, ఫలానా చిరునామాలో, బస మాది, మిగతా ఖర్చు అతనిది. అంతే. అది రెండు రోజులు అలిగింది.

బ్రిటన్ ఫారంలో ఒక ప్రశ్న దగ్గర చాలాసేపు ఆగిపోయాను. మీకు ఎప్పుడైనా, ఏ దేశమైనా వీసా తిరస్కరించిందా? షెంగెన్ కంప్యూటర్లలో ఈ వివరాలు ఐదేళ్లే ఉంటాయి, నాది ఏడేళ్ల నాటిది, ఎవరికి తెలుస్తుందిలే అన్న ఆలోచన రాలేదని చెప్పను. కానీ అబద్ధం చెప్పినట్టు తేలితే అక్కడ పదేళ్ల దాకా మళ్లీ రానివ్వకపోవచ్చు. చెల్లెలున్న దేశం అది. బీరువా అడుగు నుంచి ఆ మడతల కాగితం తీసి, 'అవును' అని పెట్టి, ఏ సంవత్సరం, ఏ కారణం, అప్పట్లో నా పొరపాటేంటో మూడు వాక్యాల్లో రాశాను. జులై మధ్యలో ఆ వీసా కూడా వచ్చింది.

రెండూ వచ్చాకే టిక్కెట్టు కొన్నాను. అక్కడా వీసా తలనొప్పి ఉంటుందని అనుకోలేదు. పారిస్ నుంచి వెనక్కి రావడానికి రెండు వేర్వేరు కంపెనీల టిక్కెట్లు కలిపి కొంటే బాగా చవకగా వస్తోంది, మధ్యలో ఒక విమానాశ్రయంలో ఆరు గంటలు. విడివిడి టిక్కెట్లైతే సామాను నేరుగా రాదు. బయటికొచ్చి సామాను తీసుకుని మళ్లీ చెకిన్ చేయాలి. బయటికి రావడమంటే ఆ దేశంలోకి వెళ్లడమే, దానికి ఆ దేశం వీసా కావాలి. ఒకే టిక్కెట్టు మీద, లోపల్నుంచే విమానం మారితే చాలా చోట్ల అవసరం ఉండదు, అయినా కొన్ని దేశాలు కొందరికి దానికీ ట్రాన్సిట్ వీసా అడుగుతాయి. నాకు తెలిసినాయన ఒకరు పెరూ వెళ్తూ అమెరికా మీదుగా టిక్కెట్టు కొన్నారు. అమెరికాలో విమానం మారాలన్నా ఇమిగ్రేషన్ దాటాల్సిందే, సి-1 ట్రాన్సిట్ వీసా అయినా ఉండాలి, మామూలు సందర్శక వీసా అయినా ఉండాలి. ఆయనకు ఆ సంగతి చెకిన్ కౌంటరులో తెలిసింది. నేను ఎక్కువ డబ్బు పెట్టి ఒకే టిక్కెట్టు కొన్నాను. 24న రాత్రి పదకొండున్నర విమానం ఇంకాస్త చవక. కానీ అది గంట ఆలస్యమైతే తేదీ మారుతుంది, నా 13 రోజులు అయిపోతాయి అనుకుని సాయంత్రం ఏడున్నరది తీసుకున్నాను.

వియన్నాలో దిగాక పాస్‌పోర్టు చూసే ఆయన ఒకటే అడిగారు, ఎందుకొచ్చారని. నోటుపుస్తకంలో మొదటి వరుసే చెప్పాను. లేఖ చూపించమన్నారు, చూశారు, ముద్ర వేశారు. వీసా ఉన్నంత మాత్రాన లోపలికి రానివ్వాలని లేదు, సరిహద్దులో మళ్లీ కాగితాలు అడగొచ్చు, అందుకే ఆ కట్టంతా చేతిసంచిలో ఉంచుకున్నాను. ప్రేగ్‌కు రైల్లో వెళ్లేటప్పుడు దేశం ఎప్పుడు మారిందో కూడా తెలియలేదు. ప్రేగ్ విమానాశ్రయంలో బయటికి వెళ్లిన ముద్ర పడింది.

లండన్ నుంచి పారిస్ రైలు ఎక్కడానికి సెయింట్ పాంక్రాస్ స్టేషనుకు చెల్లెలు వచ్చింది. ఫ్రాన్సు పోలీసులు ఆ స్టేషన్లోనే కూర్చుని ఉంటారు. ఫ్రాన్సులోకి అడుగు పెట్టే తనిఖీ లండన్‌లోనే అయిపోతుంది, పారిస్‌లో దిగి నేరుగా బయటికి నడిచిపోవడమే. వాళ్లలో ఒకాయన స్టిక్కరు మీద 02 చూశారు, ప్రేగ్ ముద్ర వెతికి చూశారు, చిన్న రైలు బొమ్మ ఉన్న ముద్ర కొట్టారు. ఒక్క ప్రవేశమే ఉండి ఉంటే చెల్లెలింటికి సామానుతో తిరిగి వెళ్లేవాణ్ని. అది ఈసారి నిజంగానే ఎన్నాళ్లు కావాలంటే అన్నాళ్లు ఉండమనేది.

నేను తిరిగొచ్చాక ఈ ముద్రలు కొట్టే పద్ధతి మారడం మొదలైంది. 2025 అక్టోబరు 12 నుంచి షెంగెన్ సరిహద్దుల్లో ముఖం, వేలిముద్రలు తీసుకుని రాకపోకలు కంప్యూటర్లో ఎక్కించడం దశలవారీగా మొదలుపెట్టారు. రోజుల లెక్క ఇక యంత్రమే చూసుకుంటుంది. నేను మాత్రం 24న సాయంత్రం పారిస్ విమానాశ్రయంలో వేళ్ల మీదే లెక్కపెట్టుకుంటూ వరుసలో నిలబడ్డాను. ఆరింటికి ముందే పాస్‌పోర్టు తనిఖీ అయింది, బయటికి వెళ్లిన ముద్ర పడింది. గేటు దగ్గరికి వెళ్లి చూస్తే విమానం ఆలస్యం. ఏడున్నర తొమ్మిదైంది, తొమ్మిది పదకొండైంది. పన్నెండు దాటాక చెల్లెలు ఫోను చేసింది.

"అన్నయ్యా, ఇంకా అక్కడే ఉన్నావా? నీ పదమూడు రోజులు అయిపోయాయి కదా!"

"నేను ఆరింటికే బయటపడిపోయానమ్మా," అన్నాను, చేతిలో ముద్ర చూసుకుంటూ. "విమానమే ఇంకా కదల్లేదు."